అవ్వ కప్పనివ్వని పెంకు

మా పుట్టింటి పక్కింటి అవ్వ పోయిందని ఆమధ్య బోధన్ నుంచి బండి మీద వచ్చినతను చెప్పాడు. నిజామాబాదులో మా వంటింట్లో పిండి పిసుకుతున్నాను. చేతులు కడుక్కోకుండానే వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచాను. దుఃఖమొచ్చినా భయమొచ్చినా నేను ముందు చేసే పని అదే. ఎందుకో చెప్పాలంటే అవ్వ గురించి చెప్పాలి.

ప్లేగు వచ్చిన ఏడు నాకు పద్నాలుగేళ్లు. ఎలుకలు చచ్చి రాలగానే ఊరంతా ఇళ్లు వదిలి నిజాంసాగర్ కాలువ పక్కన, చెరుకు తోటల్లో గుడిసెలు వేసుకుంది. అక్కడ నాకు జ్వరం తగిలింది. ప్లేగు గడ్డ లేవకపోయినా, మిగతా పిల్లలకు అంటుతుందని నన్ను మేత కొట్టంలో పెట్టి బయట గొళ్లెం వేశారు. తొమ్మిది రోజులు! తలుపు కింద నుంచి గంజి వచ్చేది, మనిషి వచ్చేది కాదు.

ఇళ్లకు తిరిగొచ్చాక అందరిదీ ఒకటే మాట: "బతికి బట్టకట్టినవ్, ఇంకేం గావాలె?" నిజమే, ఏం కావాలి! తలుపు వేస్తే చాలు, అరిచేదాన్ని. మా వీధిలో నా ఈడు పిల్ల ఒకతి మూడు నెలలు నోరు విప్పలేదు. మీకేమైందని అడిగినవాళ్లు లేరు. ఒకనాడు మా బాపు విసిగిపోయి, "మల్ల కొట్టంల ఏస్తే గప్పుడు సక్కగైతది" అన్నాడు.

గోడ అవతల అవ్వ ఆ మాట విన్నది. విసవిసా వచ్చి, "నువ్వు ఊకో. పిల్ల నా ఇంట్ల ఉంటది" అని బాపు నోరు మూయించి, నన్ను తీసుకుపోయింది. ప్లేగు పోవడానికి ఎండ పడాలని ఇళ్ల పెంకులన్నీ తీసి ఉంచారు. మా ఇల్లు అప్పటికే కప్పేశారు. అవ్వ ఇంటిని ఆమె కొడుకు కప్పుతున్నాడు.

"కొడుకా, గా జానెడు ఇడిసిపెట్టు!"

"వానొస్తే కారుతదే అవ్వా!"

"కారితే గిన్నె పెడ్త. పిల్లకేం పెడ్తవ్ రా?"

ఆ జానెడు ఆకాశం కింద నన్ను కూర్చోబెట్టి, "తలుపు నువ్వే ఎయ్యి, నువ్వే తియ్యి బిడ్డా. ఎవ్వలు ముట్టరు" అనేది. కోడళ్ల మీద ఇంతెత్తున లేచే మనిషి, నన్ను మాత్రం ఒక్కనాడూ తొందరపెట్టలేదు. తొలిరోజు రెప్పపాటు వేసి తీశాను. ఏడాది తిరిగేసరికి ఒక పాఠం చదువుకునేంత సేపు వేసి ఉంచగలిగాను.

అవ్వ పదోరోజుకు ఊరెళ్లాను. ఇన్నేళ్లూ ఆ జానెడు అలాగే ఉంది, కింద ఇత్తడి గిన్నె.

"చెల్లే, ఇగ కప్పమంటవా?" అన్నాడు అవ్వ కొడుకు.

కప్పమన్నాను. లోపలికెళ్లి తలుపు నా చేత్తో వేసుకున్నాను. పైన పెంకు జరిగింది. గిన్నె మీది వెలుగు అంచుదాకా జారి, పోయింది. లేచి తలుపు తీయాలనిపించింది. ఇంకాసేపాగి తీద్దామని, చీకట్లో ఆ గిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.