పురిటిగది గోడకు పట్టిన తడి

2023 ఆగస్టు. పాలకొల్లులో ముసురు పట్టి వారం దాటింది. వాన తెరిపిచ్చినా ఎండ రావడం లేదు. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా బరువు తగ్గడం లేదు. అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోతోంది తప్ప వెలగడం లేదు. సివిల్ డిప్లొమా చేసిన నాటి నుంచి డెల్టాలో ఇళ్ళకు చెమ్మ వదిలించే పనిలోనే ఉన్నాను కాబట్టి, నాకు ఊపిరి సలపని రోజులవి. మరుసటి ఏడాది పని మానేశాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ ముసురులో చూసిన ఒక కేసు గురించి రాసుకున్నది ఒక్క ముక్కే: "సుబ్బారావుగారి ఇల్లు, ఉత్తరపు గది, లీకు లేదు." మిగతాది రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సుబ్బారావుగారికి బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఒకరోజు ఫోన్ చేశారు.

"గోడ ఒకటే కారిపోతోందండి. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం. ఈలోగా ఆ కెమికలేదో కొట్టించి రంగేయించేయండి."

"ఏ గదండీ?"

"పురిటిగదేనండి. మా అమ్మాయీ మనవడూ అందులోనే ఉన్నారు."

మనుషులున్న గదిలో కెమికల్ కొట్టనని, ముందు గోడ చూడాలని చెప్పాను.

గోడకు తడి మూడు దారుల్లో వస్తుంది. నేలలోంచి పైకి పాకితే దాన్ని రైజింగ్ డ్యాంప్ అంటాం. మన బంకమట్టి నేలల్లో ఇదే ఎక్కువ. అడుగున సున్నం ఉబ్బుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది. డాబా మీంచో, బయటి గోడ పగుళ్ళలోంచో వాన నీరు దిగితే అది సీపేజ్. మూడోది కండెన్సేషన్. గదిలోని ఆవిరే వెళ్ళి చల్లటి గోడకు నీటి బొట్లుగా అంటుకోవడం. మొదటి రెండింటికీ నా దగ్గర మందులున్నాయి. మూడోదానికి మందు గోడకు కాదు, గదిలో ఉన్నవాళ్ళ అలవాట్లకు వేయాలి. అందుకే అది కష్టం.

నేను వెళ్ళేసరికి సుబ్బారావుగారి భార్య మాణిక్యమ్మగారు పురిటిగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పురిటిగదిలోకి మగాళ్ళేంటండీ?"

"ఆయన గోడని చూడ్డానికొచ్చారే, నీ కూతుర్ని కాదు," అన్నారు సుబ్బారావుగారు.

"మీకు అన్నీ వేళాకోళమే. ఏవండీ ఇంజనీరుగారూ, కాళ్ళు కడుక్కుని రండి. గోడ దగ్గరికెళ్ళండి, పిల్లాడి దగ్గరికి మాత్రం వెళ్ళకండి."

కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. మొహానికి తడి గుడ్డ కప్పినట్టయింది. కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాత చీరలు కుక్కారు. పైనున్న వెంటిలేటరులో మడిచిన గోనెపట్ట బిగించారు. ఒక మూల కుంపటి, దాని పైన దండెం, దండెం మీద పసివాడి గుడ్డలు పిండినవి పిండినట్టే వరసగా వేలాడుతున్నాయి. గదిలోకే తెరుచుకునే స్నానాలగదిలో కాగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. మంచం మీద లలిత, చెవుల్లో దూది, తలకు గుడ్డ, మొహమంతా చెమట. పక్కలో పొత్తిళ్ళలో పసివాడు. ఊపిరి తీస్తుంటే ముక్కులో గురగుర వినిపిస్తోంది.

గోడ అడుగున ఉప్పు లేదు, పగుళ్ళు లేవు. తడి అంతా పై మూలల్లో, బీరువా వెనక ఉంది. బీరువా కాస్త జరిపిస్తే వెనకంతా నల్లటి బూజు. ఇది మూడో రకమేనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ అనుమానం మీద మాట్లాడకూడదు. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అరచేతంత ముక్క తీసుకుని, గోడ మీద ఒకచోట తుడిచి, నాలుగు వైపులా టేపు వేసి అతికించాను. ఒక రోజు ఆగి చూస్తే, ఫాయిల్ వెనక తడి ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు. ముందు వైపు తడి ఉంటే గదిలోంచి వస్తున్నట్టు.

వచ్చేముందు రెండు మాటలు చెప్పాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణానికే ప్రమాదం, అది వెంటనే బయట పెట్టాలి. పిల్లాణ్ణి డాక్టరుకు చూపించాలి.

"జలుబండీ అది. కాస్త సెగ తగిల్తే అదే పోతుంది. మేం పిల్లల్ని పెంచలేదేంటి?" అన్నారు మాణిక్యమ్మగారు. సుబ్బారావుగారు మాత్రం కుంపటి ఎత్తి వరండాలో పెట్టారు.

మర్నాడు వెళ్ళేసరికి కుంపటి మళ్ళీ గదిలోనే ఉంది. పసివాడి శబ్దం మారింది. ముక్కులో గురగుర కాదు, ఛాతీలోంచి సన్నటి కూత. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. నేను డాక్టర్ని కాను కానీ, అది జలుబు కాదని తెలియడానికి డాక్టరే అక్కర్లేదు.

"ముందు ఆటో పిలవండి సుబ్బారావుగారూ. గోడ తర్వాత చూద్దాం."

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళారు. మాణిక్యమ్మగారు గుమ్మంలోంచి కదల్లేదు.

"ఇంత వానలో బాలింతనీ పసిగుడ్డునీ బయటికి తీసుకెళ్తారా? ఆ కారే గోడేదో బాగుచేయండి, అన్నీ సర్దుకుంటాయి. పై నుంచి నీళ్ళు దిగబట్టే కదా ఈ చలవంతా!"

అప్పుడు వెళ్ళి ఫాయిల్ చూశాను. ముందు వైపు బొట్లు బొట్లుగా నీరు. ఊడదీసి వెనక వైపు చూపించాను. పొడిగా ఉంది.

"పై నుంచి ఏమీ దిగడం లేదండి. ఈ నీళ్ళు ఈ గదిలోవే. ఆ గుడ్డలవి, ఆ కాగువి, మీ అందరి ఊపిరివి. కుంపటి సెగకి ఆవిరై లేస్తున్నాయి, పోయే దారి లేక గోడకి అంటుకుంటున్నాయి. ఆ బూజు గాలే పిల్లాడు పీలుస్తున్నాడు. ముందు ఆ వెంటిలేటరు తీయించండి."

"తీయనండి," అన్నారావిడ. గొంతు పెద్దది చేయలేదు. "పోయినసారి తీసే కదా పిల్లని పోగొట్టుకున్నాం."

అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు. రెండేళ్ళ కిందట, ఇదే గదిలో, ఇలాంటి ముసురులోనే లలిత మొదటి బిడ్డ, ఆడపిల్ల, నెల నిండకుండా పోయింది.

"ఉక్కపోస్తోందని ఇది కిటికీ తీసింది. ఆ గాలికే పిల్లకి నెమ్ము చేసింది. అందుకే ఈసారి చీమ దూరే సందు కూడా ఉంచలేదు నేను."

లలిత మంచం మీంచి లేచింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని తల్లికేసి చూసింది.

"ఒక్క పూటమ్మా. అప్పటికే దానికి ఆయాసం వచ్చి రెండ్రోజులైంది. నాకు ఉక్కపోసి తీయలేదు. దానికి ఊపిరాడట్లేదని తీశాను. నువ్వేమో వచ్చినవాళ్ళందరికీ నేను తీసిన కిటికీ కథే చెప్పావు. మా అత్తగారికి కూడా."

తర్వాత నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబాయిగారూ. అప్పుడూ గోడలు ఇలాగే ఉన్నాయి. నేను కిటికీ తీసినందుకేనా?"

నా చేతిలో ఆ ఫాయిల్ ముక్క ఇంకా అలాగే ఉంది.

"పాప ఎందుకు పోయిందో చెప్పడానికి నేను డాక్టర్ని కానమ్మా. కానీ ఒక్క పూట తీసిన కిటికీ వల్ల గోడలకి ఇంత బూజు పట్టదు. చాలాకాలం మూసిన గదికే పడుతుంది."

ఆ మాట లలితకి చెప్పాను. విన్నది మాణిక్యమ్మగారు. ఆవిడ మొహంలో రంగు పోవడం చూశాను. గుమ్మం పట్టుకుని, చాలా చిన్న గొంతుతో అడిగారు.

"అయితే అప్పుడు మూసింది కూడా నేనే కదండీ?"

నేను ఫాయిల్ ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాను. తల్లి మొహం చూసి లలిత తల దించుకుంది. వీధిలో ఆటో హారన్ వినిపించింది. పిల్లాడి మీద గొడుగు పట్టి సుబ్బారావుగారు కూతుర్ని ఎక్కించుకుని వెళ్ళారు. ఇంట్లో నేనూ, ఆవిడా మిగిలాం. ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కారు. నేను తీస్తానన్నా వినలేదు. గోనెపట్ట వెంటిలేటరులో తడిసి బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకి కింద పడేశారు. కిటికీలో చీరలు ఒక్కొక్కటీ లాగేశారు. ఆఖరి చీర మాత్రం కింద పడేయలేదు. అది మొదటి పాపకి ఉయ్యాల కట్టిన చీర అని చెప్పి, మడిచి, బయటికి వెళ్ళిపోయారు.

పిల్లాణ్ణి ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు. బతికాడు. చల్లబడితే ఇప్పటికీ ఆయాసం వస్తుందని విన్నాను.

వాళ్ళు ఇంటికి రాకముందే గది పని పూర్తి చేశాను. ఏ కెమికలూ వాడలేదు. బూజు కడిగించి ఆరబెట్టించాను, బీరువా గోడకి జానెడు దూరం జరిపించాను, స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. గుడ్డలు ఆరేయడానికి వరండాలో రేకు కింద దండెం కట్టించాను. ముసురులో కిటికీలు రోజంతా తీసినా లాభం లేదు, బయటి గాలి కూడా తడే. వాన తెరిపిచ్చినప్పుడు ఎదురెదురు కిటికీలు తీసి, గాలి ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు పోనిస్తే చాలు. ఇల్లు పొడిగా ఉండటం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్యాన్ సరిగా లాగుతోందో లేదో చూడ్డానికి తర్వాత ఒకసారి వెళ్ళాను. గోడలు పొడిగా ఉన్నాయి. మాణిక్యమ్మగారు వరండాలో కూర్చుని పసివాడి గుడ్డలు ఒక్కొక్కటీ ఇస్త్రీ చేస్తున్నారు. ప్రతి గుడ్డనీ చెంపకి ఆనించి, తడి లేదని చూసుకుని, మడిచి పెడుతున్నారు.

లోపల్నుంచి లలిత పిలిచింది. "అమ్మా, వీడు లేచాడు. ఒకసారి ఎత్తుకోవా?"

"నాకు చేతులు ఖాళీ లేవే," అన్నారావిడ. గుడ్డల బుట్ట మాత్రం గది గుమ్మం దాకా జరిపి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి వచ్చి కూర్చున్నారు. గోనెపట్ట పీకిన రోజు నుంచీ ఆవిడ ఆ గది గడప దాటలేదని సుబ్బారావుగారు నన్ను సాగనంపుతూ చెప్పారు.

తడి ఎటు నుంచి వస్తోందో చెప్పడమే నా పని అనుకుని అన్నేళ్ళూ చేశాను. చెప్పాల్సిందే చెప్పాను, చెప్పకపోతే ఆ పిల్లాడు ఉండేవాడు కాదేమో. కానీ ఆ కేసు తర్వాత, పని మానేసేలోగా మిగిలిన ఆ కాస్త కాలంలో, ఎవరింట్లోనైనా గోడ మీంచి ఫాయిల్ ఊడదీసే ముందు, గదిలో ఎవరెవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూసుకునేవాణ్ణి.