కడప బండ మీద మోటారు

కిరసనాయిలూ ఆముదమూ కలిపి వేడి ఇనుము మీద పోస్తే ఒక వాసన వస్తుంది. నిన్న కర్నూలు బజారులో ఒక సైకిలు షాపు ముందు ఆ వాసన తగిలి ఆగిపోయాను. తుప్పుపట్టి బిగిసిన నట్టును షాపు మనిషి సుత్తితో బాదబోతున్నాడు. "బాదవద్దు, నూనె తాగనీ" అన్నాను. అతడు నన్ను కిందికీ పైకీ చూసి, "పెద్దాయనా, నీకీ పని వచ్చునా?" అని అడిగాడు. రాదని చెప్పి, వీపు నిటారుగా పెట్టుకుని వచ్చేశాను. నూనె తాగనీ అన్న ఆ మాట మస్తాన్ సాయిబుది. పని నేర్చుకోమని ఆయన పిలిచినప్పుడు నేను వంగలేదు.

మాది నందికొట్కూరుకు అవతల, కృష్ణ ఒడ్డున ఒక ఊరు. నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేనాటికి మా భూములన్నీ పోయి, రేవులో పడవ నడిపే హక్కు ఒక్కటే మిగిలింది. మా పేరు చెప్పుకోవడానికి కూడా అదే ఆధారం. ఇంట్లో ఒక మోటారు ఉండేది. పడవ వెనుక తగిలించి నడిపే ఆ యంత్రాన్ని నాయన మంచి రోజుల్లో మద్రాసు నుంచి తెప్పించాడు. దాన్ని నడపడానికి వచ్చిన మనిషి ఒక్క వానాకాలం నడిపి కలరాతో చనిపోయాడు. చేతులకు నూనె అంటించుకోవడం మా ఇంటా వంటా లేదు. అందుకని మోటారును నడవలో అరుగు మీద నిలబెట్టాం. ఏటా ఆయుధపూజనాడు దాని ప్లగ్గు ఊడదీసి వెండి పళ్లెంలో పెట్టి, మోటారుకు పసుపు కుంకుమలు అద్ది, టెంకాయ నీళ్లతో అభిషేకం చేసేవాళ్లం. అలా పదకొండేళ్లు చేశాం.

ఆ ఏడు తహశీల్దారు కబురు పంపాడు. వరద రోజుల్లో తెడ్ల పడవను ఇక నమ్మలేమనీ, నెలాఖరుకు తాను రేవుకు వచ్చేసరికి మోటారు పడవ నడిపి చూపిస్తే హక్కు మాకే ఉంటుందనీ, లేకపోతే ఇంకొకరికి పోతుందనీ దాని సారాంశం. మోటారు పైనున్న చక్రాన్ని తిప్పబోతే అది రాయిలా నిలిచిపోయింది. అప్పుడు పిలిపించాం మస్తాన్ సాయిబును. పత్తి మిల్లులో ఇంజన్లు చూసే మనిషి. అరవై దాటిన వయసు, బక్కపలచని ఒళ్లు, వెడల్పాటి చేతులు.

ఆయన ప్లగ్గు రంధ్రంలోకి ఒక తీగ దూర్చి గీకి, కొనను వెలుతురులో పెట్టి చూశాడు. తుప్పుతో కలిసి కుంకుమ వచ్చింది.

"చిన్నరెడ్డీ, ఇది పెట్రోలు అడిగె, మీరు తీర్థం పోస్తిరి" అని పకపకా నవ్వాడు.

నేను నవ్వలేదు. గొట్టంలో ముందుకూ వెనక్కూ ఆడవలసిన పిస్టన్ గొట్టానికే అతుక్కుపోయిందని ఆయన వివరించాడు. "నా కొలిమి కాడికి పంపీ. సన్నసెగ మీద పెడితే నాలుగు దినాల్లో వదులైతాది."

"మా ఇంటి వస్తువు ఒకరి కొలిమి దగ్గరికి పోదు, సాయిబూ."

ఆయన వాకిట్లో పరిచిన నల్లటి కడప బండ వైపు తిరిగాడు. "సరేలేప్పా. కొలిమి రాకుంటే ఎండ వస్తాది కదా."

ఆ రోజు నుంచి మోటారు ఆ బండ మీదే ఉంది. పగలంతా బండా ఇనుమూ కలిసి కాగేవి. పొద్దు వాలి ఇనుము చల్లబడుతున్నప్పుడు మస్తాన్ సాయిబు కిరసనాయిలు, ఆముదం చుక్క చుక్కగా పోసేవాడు. చల్లారేటప్పుడు ఇనుము నూనెను లోపలికి లాక్కుంటుందట. తర్వాత వేపకొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, చెవి ఆనించి వినేవాడు. "పట్టుకున్న తావున మూగగా పలుకుతాది. ఈడ చెవి పెట్టి ఇను" అన్నాడొకసారి. దారిన పోయేవాళ్లు చూస్తుండగా నేను నేల మీద మోకాళ్లూనలేకపోయాను. మా వాకిట్లో అన్ని రోజులు పనిచేసిన ఆ పెద్దమనిషికి కూర్చోమని పీట కూడా వేయించలేదు.

తహశీల్దారు రావడానికి ముందురోజు సాయంత్రం ఆయన చక్రం మీద చేయి వేసి కళ్లు మూసుకున్నాడు. "కదిలినాది, చిన్నరెడ్డీ! వెంట్రుకంత."

"నాకేమీ కనిపించలేదు."

"కండ్లకు కనపడదు. చేయి పెట్టి చూడు."

నేను పెట్టలేదు. పని సాగదీస్తున్నాడనుకున్నాను. "రేపు మధ్యాన్నానికి తిరుగుతాది. నేనొచ్చేదాకా ఎవురూ ముట్టొద్దండి" అని చెప్పి వెళ్లాడు.

తెల్లవారి నడవలో మంచం మీదున్న నాయన, "తిరిగిందేమిరా?" అని అడిగాడు. అప్పుడే రేవుకు పోతున్న ఒకడు మా వాకిలి ముందు ఆగి, "ఏం రెడ్డీ, మీ మోటారు సామి ఇంకా నిద్ర లేయలేదా?" అన్నాడు. వాడితో ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలి నుంచి గడ్డపార తెచ్చి, చక్రానికీ గొట్టానికీ మధ్య దూర్చి నా బరువంతా వేశాను. పోత ఇనుము పెళుక్కుమంది. గొట్టం నిలువునా పగిలింది.

మస్తాన్ సాయిబు వచ్చి గొంతుక్కూర్చుని ఆ పగులు వెంట వేలు నడిపాడు. నేను కూడా చూశాను. లోపలంతా నూనెతో నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్కచోట మాత్రం గోరంత మేర ఎర్రటి తుప్పు మిగిలి ఉంది. ఆ గోరంతకు ఒక పూట ఎండ సరిపోయేది.

తహశీల్దారు వచ్చి, "ఎవరు పగలగొట్టారు?" అని అడిగాడు. నాయన మంచం మీద నుంచి చెవులు రిక్కించి వింటున్నాడు.

"నేనే దొరా. చేయి మోటుగా పడె" అన్నాడు మస్తాన్ సాయిబు.

"చేతగానోణ్ణి నమ్ముకొని మునిగిపోతిమి" అని నాయన లోపలి నుంచి అరిచాడు. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. మస్తాన్ సాయిబు తన సుత్తినీ నూనె బుడ్డినీ గుడ్డలో చుట్టుకుని, మా వాకిలి దాటేదాకా తల ఎత్తలేదు.

రేవు పోయింది. ఏడాది తిరక్కముందే నాయన కూడా పోయాడు, మస్తాన్ సాయిబును తిట్టుకుంటూనే. ఆ మాట ఎట్లా పాకిందో, మిల్లువాళ్లు ఆయన్ను మళ్లీ పిలవలేదు. కొన్నేళ్లకు ఆయన కోయిలకుంట్లలో బండి చక్రాలకు పట్టాలు వేస్తున్నాడని తెలిసి వెళ్లాను. ఒకే ఒక్క మాట చెప్పడానికి వెళ్లాను.

నన్ను చూసి లేచి, తాను కూర్చున్న మంచం దులిపాడు. "కూచో, చిన్నరెడ్డీ."

"పర్వాలేదు, నిలబడతాను." చెప్పవలసిన మాటకు బదులు, "ఆ రోజు ఎందుకట్లా చెప్పినావు?" అని అడిగాను.

"మీ నాయన ఇంటాండె కదప్పా. మీకు పేరొకటే మిగిలిండె. నాకైతే చేతులుండాయి అనుకుంటి" అని తన చేతులు చూసుకున్నాడు. పట్టాల సెగకు కాలి మచ్చలు పడిన చేతులు. పిస్టన్ వెంట్రుకంత కదిలితే పసిగట్టిన చేతులు. "కులాసాగా ఉండావా?" అని అడిగాడు. ఉన్నానని చెప్పి, బండి వేళవుతోందని వచ్చేశాను. మరుసటి ఏడు ఆయన చనిపోయాడు.

పగిలిన ఆ మోటారు నా దగ్గరే ఉంది. దానికి కుంకుమ పెట్టను. ఆయుధపూజనాడు తలుపు వేసుకుని నేల మీద మోకాళ్లూని, ఆ ఇనుముకు చెవి ఆనించి వేలితో తడతాను. ఎక్కడ తట్టినా మూగగానే పలుకుతుంది. పగలగొట్టింది నేను. ఇన్నేళ్లకు ఈ మాట రాశాను. వినవలసినవాళ్లు ఒక్కరూ లేరు.