పడమటి తీరానికి రెండో ఆట

మైకు దగ్గరికి వెళ్ళే ముందు ఆర్నీ ప్రుయిట్ జేబులు ఖాళీ చేసేవాడు. తాళంచెవి, చిల్లర, అగ్గిపెట్టె అన్నీ టోపీలో వేసి, టోపీని పియానో మీద పెట్టేవాడు. చిల్లర గలగలలాడితే దేశమంతా వింటుంది. మిగతావాళ్ళు జేబు మీద చెయ్యి వేసుకుని ఊరుకునేవారు. అతను ప్రతిసారీ ఖాళీ చేసేవాడు.

హాలీవుడ్‌లో గురువారం సాయంత్రాల రేడియో కార్యక్రమం అది. పాట, బ్యాండు, హాస్యం, వారానికో సినిమా తార. ఖర్చు ఒక కాఫీ కంపెనీది, పెత్తనం హాస్యనటుడు డెక్స్ హాలరన్‌ది. హాలరన్ పేరు చెబితే జనం ముందే నవ్వేవారు. నేను చప్పుళ్ళు చేసేవాణ్ణి. తలుపు, అడుగులు, వాన. ఆర్నీ గొంతులు చేసేవాడు. పోలీసు, తాగుబోతు, టెలిఫోనులో అత్తగారు. వాటిలో ఏదీ అతని గొంతు కాదు. చివర్లో పేర్లు చదివేటప్పుడు అతని పేరు ఉండేది కాదు.

వెర్మాంట్ వీధి వెనక, గదులు అద్దెకిచ్చే ఒక బోర్డింగ్ ఇంట్లో అతనికి ఒక గది. ఆ ఇంట్లోనే వెర్నా స్టోలే ఉండేది. ఆడవాళ్ళ జుట్టు దిద్దే కొట్లో పని. అతను ఆమెను పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. ఆమెకూ ఇష్టమే. కానీ రేడియోలో పని చేస్తున్నానని అతను చెబితే ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆమె కూడా నమ్మలేదు.

జనం ముందు కార్యక్రమం జరిగే హాలుకు ఆమెను తీసుకొచ్చి చూపిద్దామంటే వీల్లేదు. మాతో పనిచేసేవాళ్ళ చుట్టాలనూ స్నేహితులనూ హాలరన్ లోపలికి రానిచ్చేవాడు కాదు. వాళ్ళు తమవాడి మాటకు నవ్వుతారు, తన మాటకు నవ్వరు అని. జీతం చెక్కు చూపించవచ్చు. ఆర్నీ చూపించలేదు. వాళ్ళు చెవితో విని నమ్మాలని అతని పట్టు.

ఆ వారం రచయిత అతనికి ఒక మంచి మాట రాశాడు. హోటల్లో ముసలి వెయిటరు. హాలరన్ తన అందానికి తానే మురిసిపోయే అతిథి. గదిలో అద్దం లేదేమని అడుగుతాడు. ముసలివాడు జవాబు చెబుతాడు. చివర్లో పేరు కూడా చదువుతామని కంపెనీ మనిషి ఒప్పుకున్నాడు.

ఆర్నీ బుధవారమే ఇంట్లో చెప్పాడు. "అద్దం మాట వస్తుంది. ముసలాడి గొంతు. అది నేనే. తర్వాత నా పేరు చెబుతారు."

"అలాగే ప్రుయిట్ గారూ, అందరం చెవులు కడుక్కుని కూర్చుంటాం," అంది ఇంటావిడ డన్‌లీవీ.

రికార్డు వేసి వినిపించడం అప్పట్లో లేదు. అందుకని ప్రతి కార్యక్రమం రెండుసార్లు చేసేవాళ్ళం. సాయంత్రం ఐదింటికి తూర్పువాళ్ళకి. అక్కడ అప్పటికే రాత్రి. భోజనాలయ్యాక మళ్ళీ మొదటినుంచి, మా పడమటివాళ్ళకి. బోర్డింగ్ ఇంటివాళ్ళు వినేది రెండోదే.

మొదటి ఆటలో హాలరన్ అడిగాడు. "గదిలో అద్దం లేదేమయ్యా?"

"పోయినసారి గది ఖాళీ చెయ్యమంటే, మేం ఇద్దరం ఉన్నాం, అద్దంలో ఆయన్ని కూడా అడగమన్నారు కదండీ," అన్నాడు ముసలివాడు.

హాలు విరగబడి నవ్వింది. నవ్వు ఆగలేదు. హాలరన్ తర్వాతి మాటకు రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లు మూశాడు. చివర్లో ఆర్నీ పేరు చదివారు. న్యూయార్క్ వింది, షికాగో వింది. ఆ ఊళ్ళలో అతనికి ఎవరూ లేరు.

భోజనానికి హాలరన్ అతన్ని తన బల్ల దగ్గరికే పిలిచాడు. పక్కన కూర్చోబెట్టుకుని, బఠాణీలు వేసిన మాంసం కూర తెప్పించాడు.

"తిను నాయనా. బాగా చేశావు."

"థాంక్స్ బాస్."

"మరీ బాగా చేశావు. నవ్వు సాగి కాఫీ ప్రకటన గబగబా చదవాల్సొచ్చింది. గాజుగోడ వెనక కాఫీ కంపెనీవాడి మొహం చూశావా? ఉప్పు ఇటియ్యి."

ఆర్నీ ఉప్పు ఇచ్చాడు.

"ఆ మాట అమ్మాయి చేత అనిపిద్దాం. తార కదా, ఆవిడకీ ఒకటి ఉండాలి. ముసలాణ్ణి తీసేద్దాం. తలుపు దగ్గర కుక్కని పెడదాం. నీకు కుక్క వచ్చుగా?"

"వచ్చు. బాస్, నా పేరు మాత్రం..."

"కుక్కకి పేరు చదువుతారా ఎవరైనా?" అన్నాడు హాలరన్. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హాలరన్ నవ్వితే నవ్వడం వాళ్ళ ఉద్యోగం. నాది కూడా.

రెండో ఆటలో సినిమా తార అద్దం మాట అంది. సగంలో తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో కుక్క మొరిగింది. మొదట అనుమానంగా, తర్వాత హాలరన్‌ను గుర్తుపట్టినట్టు, చివరికి అతన్ని చూసి సిగ్గుపడినట్టు. హాలు మళ్ళీ విరగబడి నవ్వింది. ఆర్నీ మోకాళ్ళు వంచి, కళ్ళు మూసుకుని మొరుగుతున్నాడు.

అయిపోయాక హాలరన్ అతని భుజం తట్టాడు. "కుక్క ప్రతివారం ఉండాలి. రేపు పదింటికి వచ్చి కాంట్రాక్టు మీద సంతకం పెట్టు. సీజన్ మొత్తానికి."

బోర్డింగ్ ఇంటి దగ్గర అందరూ వరండాలోనే ఉన్నారు. ఆ తర్వాత జరిగింది ఆర్నీయే నాకు చెప్పాడు.

"ప్రుయిట్ గారూ, మీ గొంతు ఎంత సన్నబడిందండీ," అంది డన్‌లీవీ. "పట్టుగౌను తొడిగినట్టుంది."

"పేరు కూడా విన్నాం," అన్నాడు అక్కడ అద్దెకుండే ఒకాయన. "కాఫీ అన్నారు. నీ ముద్దుపేరా?"

"అన్నిట్లోకీ కుక్కే నయం," అంది డన్‌లీవీ. "నిజం కుక్కని తెచ్చారు, వాళ్ళకి అబద్ధాలు రావు."

ఆర్నీ నోరు తెరిచాడు. వెర్నా అతని చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి తీసుకుపోయింది.

"ఇంక చాలు ఆర్నీ. నువ్వేం పని చేసినా నాకు చిన్నతనం లేదు. అబద్ధాలాడే మొగుడు మాత్రం నాకొద్దు. మా అమ్మ అలాంటివాడితోనే బతుకంతా గడిపింది. నువ్వు రేడియోలో లేవు. ఆ ఒక్కటీ ఒప్పుకో. పెళ్ళికి నేను ఇప్పుడే సరేనంటాను."

ఒక్కసారి మొరిగితే చాలు, ఆమె నమ్మేది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆమె ముందు మొరగడం ఊహించుకున్నాడు.

"లేను," అన్నాడు.

"మరి ఎక్కడ చేస్తున్నావు?"

రోజూ ట్రాములోంచి కనబడే కొట్టు ఒకటి గుర్తొచ్చింది. "బూట్ల కొట్లో. వెస్టర్న్ వీధిలో."

వెర్నా ఏడ్చింది. ఏడుస్తూనే అతని కాలరు సరిచేసింది. "దీనికా ఇన్నాళ్ళు సిగ్గుపడ్డావు? రేపు మధ్యాహ్నం అక్కడికొస్తాను. నువ్వు పనిచేస్తుంటే చూడాలి నాకు."

మర్నాడు పదింటికి స్టూడియోలో కుక్క కోసం ఎదురుచూశారు. వెస్టర్న్ వీధిలో బూట్ల కొట్టు తలుపు తీసేసరికి ఆర్నీ గుమ్మంలో ఉన్నాడు. మాకు మనిషి అక్కర్లేదన్నాడు కొట్టాయన. మధ్యాహ్నం దాకా ఉండనిస్తే చాలు, జీతం వద్దన్నాడు ఆర్నీ. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మొదట వచ్చిన ఆవిడ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లేసులు విప్పడం మొదలుపెట్టాడు.