రెండు చెంచాల మర్యాద

హుస్సేన్ వలి బస్సు తోలుతుంటే తల్లి ఒడిలో చంటిబిడ్డ కూడా కదిలేది కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు అప్పుడున్న రోడ్డు ఎరిగినవాళ్లకే ఈ మాట విలువ తెలుస్తుంది. గుంతలు, ఎద్దుల బండ్లు, రోడ్డు మీదే కొర్రలు ఆరబోసుకునే ఆసాములు. వీటన్నిటి నడుమ అతను బస్సును నెత్తిన నీళ్లబిందె పెట్టుకున్నంత జాగ్రత్తగా తీసుకుపోయేవాడు. చదువు లేదు, సెంటు భూమి లేదు. ఆ రెండు కండ్లే అతని ఆస్తి. ఆ ఆస్తిని మనవాళ్లు ఎంత ప్రేమగా తగలబెట్టారో చెబుతాను.

శిరివెళ్ల మెట్ట కాడ ఓబులేసు టీ అంగడి ఉండేది. బస్సు ఏ అంగడి ముందు ఆగితే ఆ అంగడికే బేరం. అందుకని డ్రైవరుకు టీ ఊరికే ఇచ్చేవాడు. అందరి గ్లాసులో చక్కెర ఒక చెంచా అయితే డ్రైవరు గ్లాసులో రెండు, పైన ఇంత మీగడ. పోతూ ఒకటి, వస్తూ ఒకటి. అది మర్యాద. ఆ దారిలో ఏ డ్రైవరూ దాన్ని కాదనేవాడు కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలోనే వలికి దాహం పట్టుకుంది. కూజా నీళ్లు తాగుతాడు, మైలు పోకముందే బస్సు ఆపి తుమ్మచెట్ల చాటుకు పోతాడు.

"బస్సుకు బ్రేకులు బాగుండాయి, డ్రైవరుకే లేవు!" అని జనం నవ్వేవారు. కండక్టరు సంజీవయ్యా నవ్వేవాడు, వలీ నవ్వేవాడు.

తర్వాత చూపు మసకబారింది. అప్పుడెవరూ నవ్వలేదు కానీ, అందరికీ కారణం తెలిసిపోయింది. ఆ బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే రేకు మూత కింద ఉడుకుతుండేది. ఇంజను వేడి కండ్లకెక్కిందన్నారు. డ్రైవర్లందరూ నమ్మే మాటే అది. వేడికి విరుగుడు చలువ. భార్య మీరాబీ రోజూ తెల్లారకముందే లేచి, సబ్జా గింజలు నానేసి, గుప్పెడు కలకండ కరిగించి చెంబు నిండా ఇచ్చేది.

"కడదాకా తాగు. కండ్లు సల్లబడతాయి," అనేది.

పాపం, ఆ ఇల్లాలిని ఏమనగలం? మొగుడి కండ్లలో తన చేత్తోనే నిప్పులు పోస్తున్నానని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

వలికి నిజం చెప్పిన ఒక్కడూ నంద్యాల డాక్టరు. మూత్రంలో నీలిమందు కలిపి కాచి చూశాడు, అది ఇటుకరంగుకు తిరిగింది. చీకటి గదిలో కూర్చోబెట్టి కండ్లలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు.

"నీకుండేది చక్కెర రోగమప్పా. కంటి లోపలి సన్ననరాలు చెడిపోతాండాయి, అప్పుడే రగతం చిమ్మింది. తీపి మాను. పొద్దున్నే వచ్చి సూది ఏయించుకో. మూడు నెలలకోసారి కండ్లు చూపించుకో. పోయిన చూపు తేలేను గానీ, ఉన్నది నిలబెట్టుకోవచ్చు."

"బస్సు తోలొచ్చునా సార్?"

"ఇట్లే తీపి తాగుతా పోతే తోలేదానికి కండ్లుండవు."

వలి భయపడ్డాడు. నిజంగానే భయపడ్డాడు. కానీ పొద్దున ఆసుపత్రి తలుపులు తెరిచే వేళకు అతను తోలే తొలి బస్సు దీబగుంట్ల దాటేది. వేళ మార్చమంటే రోగం సంగతి బయటపడుతుంది, బస్సు షావుకారు స్టీరింగు ఇంకొకరికిస్తాడు. సూది అట్లా పోయింది. తీపన్నా మానుదామని ఆ రోజే ఓబులేసుతో అన్నాడు.

"అప్పా, నాకు చక్కెర ఎయ్యాకు."

ఓబులేసు మొహం మాడింది. "ఏందన్నా, నేనేం తప్పు చేసినా? ఎదురంగడోడు ఏమన్నా చెప్పినాడా? రేపటి నుంచి బస్సు ఆడ నిలుపుతావా?"

"అది కాదప్పా, చక్కెర రోగమంట."

"కూకోని తినే షావుకార్లకొచ్చే రోగం నీకెందుకొస్తాదన్నా! తాగు. డ్రైవరుకు చప్పిడి టీ పోసినానంటే నలుగురిలో నా మర్యాదేం కావాల?"

బెంచీ మీదున్న నలుగురూ అవునన్నారు. వలి తాగాడు. మొహమాటం మనిషిని ఎంత తియ్యగా చంపుతుందో అప్పుడు చూడాలి. ఇంట్లో చలువ నీళ్లూ మానలేదు. మీరాబీతో డాక్టరు మాట చెబితే, "ముందు వేడి తగ్గనీ," అంది.

ఒకనాటి మధ్యాహ్నం దీబగుంట్ల దాటాక రోడ్డు మీద మబ్బునీడ కనబడింది. నీడే కదా అని వలి వేగం తగ్గించలేదు. సంజీవయ్య కేక పెట్టేసరికే ఆలస్యమైంది. అది గొర్రెల మంద. చక్రాల కింద పడిన వాటి అరుపులు ఆగేదాకా వలి స్టీరింగు మీద తల పెట్టుకునే ఉన్నాడు. ఆ తర్వాత దిగి, తాళంచెవి సంజీవయ్య చేతిలో పెట్టాడు.

"అవి మనుషులైతే?" అన్నాడు. మళ్లీ ఎక్కలేదు.

ఏడాది తిరక్కుండా రెండు కండ్లూ పూర్తిగా పోయాయి. శిరివెళ్లలోని మీరాబీ పుట్టింటికి చేరి, రోజూ కట్టె నేలకు తట్టుకుంటూ వచ్చి ఓబులేసు బెంచీ మీద కూర్చునేవాడు. వచ్చేది ఏ బస్సో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఇప్పుడు ఆ బస్సు తోలేది లక్ష్మీనారాయణ అనే పడుచువాడు.

ఒకరోజు అతను బెంచీ మీద కూలబడి, "ఏందో ఓబులేసన్నా, ఒగటే దప్పిక. కండ్లు కూడా మసగ్గా ఉండాయి," అన్నాడు.

"ఇంజను వేడప్పా. ఇంగో చెంచా ఏస్తా తాగు, సల్లబడతాది."

గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు వలి విన్నాడు.

"వద్దు నాయనా, తాగొద్దు! నన్ను చూడు! డాక్టరు కాడికి పో!"

"ఈ మామకు వేడి తలకెక్కినట్టుంది," అని లక్ష్మీనారాయణ నవ్వి గ్లాసు అందుకున్నాడు. వలి లేచి, ఆ నవ్వు వినబడిన వైపు కట్టె విసురుగా ఊపాడు. గ్లాసు నేలబడి పగిలింది.

ఓబులేసు వలిని భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"పోనీలే, పాపం, గుడ్డోడు. చూడక తగిలించినాడు," అని ఇంకో గ్లాసు కడిగి లక్ష్మీనారాయణకు టీ పోశాడు. అందులో చక్కెర మూడు చెంచాలు వేశాడు.