చీపురుపుల్ల కొలత

నా భార్య కాన్పుకు జోగిపేటలోని పుట్టింటికి వెళ్లి, కొడుకును కని, ఆ వెంటనే వచ్చిన జ్వరంతో పోయింది. పసివాణ్ని అత్తమ్మ పెంచింది. నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, తయారైన భాగాలను కొలిచి పాస్ చేయడమో తిప్పి పంపడమో చేసే విభాగంలో ఉండేవాణ్ని. నెలకోసారి వెళ్లి కొడుకును చూసి వచ్చేవాణ్ని. వాడికి నాలుగేళ్లు నిండాయి, నాకు కంపెనీ క్వార్టరు దొరికింది. ఇక తీసుకుపోతానని అడిగాను.

మామయ్య మిషన్ బడిలో పంతులు. గుమ్మంలో నిలబడే జవాబు చెప్పాడు.

"బిడ్డ పోయింది. మనుమణ్ని గూడ పంపాల్నా? రేపు నువ్వు ఇంకో పెండ్లి చేసుకుంటవ్. కావాల్నంటే కోర్టుల అడుగు."

అలా డెబ్బైల నడుమ ఒక చలికాలం, సంగారెడ్డి కోర్టు వెనక వీధిలో ఒక వకీలు ముందు కూర్చున్నాను. ఆయన ఉర్దూలో లా చదివిన పాతకాలం మనిషి. అంకెలు వేసి రాసుకెళ్లిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఒకటి, నేను తండ్రిని. రెండు, ఉద్యోగం పర్మనెంటు. మూడు, క్వార్టర్లో నల్లా, కరెంటు ఉన్నాయి. నాలుగు, బడి నడిచిపోయేంత దూరం. ఐదు, కర్దనూర్‌లో ఉన్న మా అమ్మ వచ్చి ఉంటుంది. ఆరు, నాకు తాగుడు లేదు.

ఆయన మొత్తం చదివి మడిచాడు.

"మంచిగ రాసినవ్ బాబూ. ఇల్లు కిరాయికి అడగనీకి పనికొస్తది."

తర్వాత నెమ్మదిగా విడమరిచాడు. "తండ్రివి కాబట్టి చట్టం మొదలు నీ దిక్కే చూస్తది. కాని ఆడ ఆగదు. పిల్లగానికి ఏడుంటే మంచిది అని అడుగుతది. జడ్జి సాబ్ నీ హక్కును చూసి ఊకోడు, వాని బతుకు చూస్తడు. ఇగ చెప్పు. రాత్రి వాడు ఎవరి పక్కన పండుకుంటడు?"

"మా అత్తమ్మ పక్కన."

"నీకు నైట్ షిఫ్టు పడ్డనాడు?"

"మా అమ్మ ఉంటది."

"మీ అమ్మను వాడు గుర్తుపడ్తడా?"

మడిచిన కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

"పానం బాగలేకుంటే ఏం తింటడు? దేనికి భయపడ్తడు? పోనీ, చెప్పుల సైజెంత?"

రోజంతా కొలవడమే పనిగా బతికేవాణ్ని. కొడుకు కాలు మాత్రం ఎన్నడూ కొలవలేదు.

పిటిషన్ వేశాడు. అవతలి వకీలుతో మాట్లాడి, కేసు తేలేదాకా ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెళ్లి బాబును చూసేటట్టు ఒప్పించాడు. నాకు మాత్రం గట్టిగా చెప్పాడు. "ఆడ గొంతు పెంచకు. పిల్లగాన్ని ఎత్తుకొచ్చే పని అసలే చెయ్యకు. చేసినవనుకో, నీ కేసు నువ్వే ఓడగొట్టినట్టు. ఆ ఇంటి తలుపు మళ్ల తెరువరు."

ఫ్యాక్టరీలో నా పక్క బల్ల ఫిట్టర్‌ది వేరే లెక్క. "ఏంది భయ్, నీ కొడుకును నువ్వు తెచ్చుకునేదానికి వకీలెందుకు? ఎత్తుకో, బస్సెక్కు. సొంత కొడుకును తెచ్చుకుంటే దొంగతనమైతదా?" రోజూ అదే మాట. నాలుగైదు రోజులకు అది నాకూ సబబుగానే తోచసాగింది.

ఆ ఆదివారం సంగారెడ్డిలో దిగి, పిల్లవాడి వయసు చెప్పి, తోలు చెప్పులు కొనుక్కుని వెళ్లాను. వాకిట్లోనే తొడిగాను. వేళ్లు బయటికి వచ్చాయి.

"కొలిచే నౌకరట," అన్నాడు మామయ్య, ఎవరివైపూ చూడకుండా.

బాబు వాటిని విప్పనివ్వలేదు. విప్పబోతే ఏడుపు. చివరికి అత్తమ్మే అంది, "బజార్ల ఇంకో జత ఇప్పించుకరా అయ్యా. జల్దీ రా."

"ఒక్కడితోని పంపుతవా?" అన్నాడు మామయ్య.

"చెప్పులకే గద."

చెప్పుల దుకాణం బస్టాండుకు ఎదురుగా ఉంది. షట్టరు సగం దించి, షావుకారు బువ్వకు పోయాడు. బాబును ఎత్తుకుని ఎండలో నిలబడ్డాను. వాడి బరువు నా భుజానికి ఇంకా అలవాటు కాలేదు. బస్సు వచ్చి ఆగింది.

"సంగారెడ్డి, పటాన్‌చెరు, పట్నం," అని కండక్టరు అరుస్తున్నాడు. నన్ను చూసి, "ఎక్కుండ్రి సార్, పిల్లగానికి టికెట్ లేదు," అన్నాడు.

"బస్సెక్కుదామా నాయినా?" అన్నాడు బాబు.

వాడే అడిగాడు. రోడ్డు దాటి ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాను. ఫిట్టర్ మాట, వకీలు మాట రెండూ ఒకేసారి తలలో మోగుతున్నాయి. రాత్రికి క్వార్టర్లో వీడు అమ్మమ్మ కావాలని ఏడిస్తే ఏం చెప్పి ఊరుకోబెట్టాలో తెలియలేదు. తల తిప్పితే మలుపు దగ్గర అత్తమ్మ కనిపించింది. మా వెనకే వచ్చినట్టుంది. పరుగెత్తలేదు, పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎక్కుతున్నరా లేదా?" అన్నాడు కండక్టరు.

కాలు కిందికి దించాను. బస్సు కదిలిపోయింది. బాబు ఏడుపు ఎత్తుకున్నాడు.

అత్తమ్మ దగ్గరికి వచ్చి వాణ్ని తీసుకోబోయి, మళ్లీ చేతులు వెనక్కి తీసుకుంది. "నువ్వే ఎత్తుకో," అంది. బస్సు సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక చీపురులోంచి ఒక పుల్ల తీసి, బాబు మడమ నుంచి బొటనవేలి దాకా ఆనించి, గోటితో విరిచి నాకిచ్చింది.

"మల్ల ఐతారం గీ కొలతకు తే."

మామయ్య చూస్తూనే ఉన్నాడు.

ఆ పుల్లను సంగారెడ్డి దుకాణంలో చూపించి, మరుసటి ఆదివారం సరిగ్గా అదే కొలతకు చెప్పులు తెచ్చాను. తొడిగితే వెనక వేలెడు ఖాళీ. కొలతలో తప్పెక్కడ జరిగిందా అని నేను వంగి చూస్తుంటే అత్తమ్మ నవ్వింది. "పెరిగే కాళ్లకు సరిగ్గ తెస్తరా ఎవలన్న? నేనే జెర పొడుగు ఇరిచిన."

ఆ ఆదివారాల్లోనే, వకీలు అడిగిన ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబులు తెలిశాయి. పానం బాగలేకపోతే జొన్న గటక మజ్జిగలో కలిపిస్తే తింటాడు. కుక్కలకు భయపడడు, రైస్ మిల్లు చప్పుడుకు భయపడతాడు. నేను అడగకపోయినా అత్తమ్మే చెప్పేది. కొన్నిసార్లు మా అమ్మనూ వెంట తీసుకెళ్లాను.

వాయిదాకు ముందు వకీళ్లిద్దరూ మమ్మల్ని కూర్చోబెట్టి రాజీ రాయించారు. బడులు తెరిచేదాకా బాబు జోగిపేటలో ఉంటాడు. జూన్‌లో నా దగ్గరికి వస్తాడు, మొదట్లో అత్తమ్మ కూడా వచ్చి ఉంటుంది. సెలవులు తాత దగ్గర. మామయ్య కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"ఇంకో పెండ్లి చేసుకుంటే?" అన్నాడు నన్ను చూసి.

"మీకు చెప్పకుంట చేసుకోను."

సంతకం పెట్టాడు. జడ్జి అది చదివి, మా ఇద్దరినీ ఇష్టపూర్వకమేనా అని అడిగి, ఆర్డరు ఇచ్చాడు.

జూన్‌లో అత్తమ్మ ముందుగా బస్సెక్కి కిటికీ పక్కన సీటు పట్టింది. ట్రంకుపెట్టె మామయ్యే మోసుకొచ్చాడు. ఆ చెప్పులతోనే ఉన్న బాబును ఎత్తి ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి, నా వైపు జరిపాడు. వాడి చెయ్యి మాత్రం కండక్టరు విజిలు వేసేదాకా వదల్లేదు.