మీ లీడరెవరు అని అడిగినప్పుడు

మొన్నొక సాయంత్రం గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు గదిలో కూర్చుని చాయ్ తాగుతూ టీవీ చూస్తున్నాను. ఎక్కడో దూరదేశం, యుద్ధం ఆగి కొన్నాళ్లయిందట, పై దేశాల వాళ్లు వచ్చి ప్రభుత్వం ఎలా నడుపుకోవాలో అక్కడి వాళ్లకు నేర్పుతున్నారట, ఆ ఏర్పాట్లేవో నచ్చక జనం రోడ్డు మీద కూర్చున్నారు. మైకు పట్టుకున్న తెల్లదొర ఒకడు వాళ్ల మధ్యకు వెళ్లి, మీ లీడరెవరు, మేం ఎవరితో మాట్లాడాలి అని ఒక్కొక్కరినే అడుగుతున్నాడు. ఒక్కరూ పలకరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, తల దించుకుంటారు. ఇక్కడ స్టూడియోలో కోటు వేసుకున్న అబ్బాయి, చూశారా, వీళ్లను నడిపించేది ఎవరో వీళ్లకే తెలియదు అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీకేం తెలుసురా బడుద్ధాయీ అని టీవీని తిడుతుంటే పక్కింటి పిన్ని కంగారుగా పరుగెత్తుకొచ్చింది. బొగ్గుబాయిల చుట్టూ ఆ గొడవల ఏళ్లు గడిపిన నా ఈడు వాళ్లకైతే ఆ జనం ఎందుకు పలకలేదో విడమరచి చెప్పక్కర్లేదు.

మా ఊరు రామగిరి గుట్టల కింద ఉండేది. ఇంటికొకరు బాయి పనికి పోయేవారు, మిగిలిన వాళ్లు వ్యవసాయం చేసేవారు. ఆ రోజుల్లో ఒకసారి పోలీసులు వచ్చి అడిగితే, ఇంకోసారి అడవిలోంచి అన్నలు వచ్చి అడిగేవారు. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న, ఈ ఊళ్లో నలుగురూ ఎవరి మాట వింటారు అని. జవాబులో ఎవరి పేరు వస్తే వాళ్ల బతుకు అంతే. మా అన్న అండర్‌గ్రౌండ్ బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు, మాటకారి, ఎవరికీ జంకేవాడు కాదు. బొగ్గు తవ్వకానికి భూములు పోతాయన్న మాట మొదటిసారి వచ్చినప్పుడు ఊరి తరఫున కంపెనీ ఆఫీసుకు వెళ్లి మాట్లాడింది అతనే. ఆ తర్వాత కొన్నాళ్లకు హోటల్లో చాయ్ తాగుతూ ఉంటే ఒక జీపు వచ్చి ఆగిందట, ఒకసారి రా, మాట్లాడి పంపిస్తం అన్నారట. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. తీసుకుపోయింది ఏ పక్షం వాళ్లో ఈనాటికీ మాకు తెలియదు.

మా వదిన చంకలో ఒక పిల్లను, వేలు పట్టుకుని ఇంకొక పిల్లాణ్ని తీసుకుని తిరగని ఠాణా లేదు, వెతకని దవాఖాన లేదు. ఎవరైనా ఓదార్చబోయి, పాపం మంచోడుండె అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "ఉండె ఏంది? ఉన్నడు అను" అని మీదికి పోయేది. అప్పటిదాకా నోట్లో నాలుక లేని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం పులి అయ్యేది.

అప్పటినుంచి మా ఊరికి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరూ దేనికీ ముందు నడవరు. నవ్వుతారేమో గాని, పెండ్లి ఊరేగింపులో కూడా డప్పుల వాళ్ల ముందు నడవడానికి మగపెళ్లివారు నువ్వంటే నువ్వని వెనక్కి జరిగేవారు. ఏ ఆఫీసరైనా వచ్చి ఊరి పెద్దమనిషి ఎవరంటే అందరూ కలిసి రెండు చెవులూ వినపడని ఒక తాతను చూపించేవారు. ఆయన దేనికైనా తల ఊపి, నవ్వి, చుట్ట వెలిగించేవాడు. అలా ఆ తాత చాలా ఏళ్లు సర్కారుకు మా ఊరి నాయకుడిగా చలామణి అయ్యాడు.

కాలం కొంత నెమ్మదించింది. జీపుల రాక తగ్గింది, అన్నల రాకా తగ్గింది. మా పొలాల మీదికి, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని వచ్చింది. అంత లోతు తవ్వేసరికి ఊళ్లో బావులన్నీ ఒక్క వేసవిలో ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే పై దేశాల సాయంతో ఒక పథకం వచ్చింది. గొడవలు సద్దుమణిగిన చోట జనమే తమ సంఘాలు కట్టుకుని, తమ పనులు తాము చూసుకునేలా చెయ్యాలన్నది వాళ్ల ఉద్దేశం. కమిటీ వేసుకుని, అధ్యక్షుణ్ని ఎన్నుకున్న ఊరికి మంచినీళ్ల పైపు వేస్తారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నాకు అందులో దుబాసీ ఉద్యోగం దొరికింది. ఇంగ్లీషులో వాళ్లడిగింది తెలుగులో, తెలుగులో వీళ్లు చెప్పింది ఇంగ్లీషులో చెప్పడమే నా పని.

వచ్చినావిడను అందరూ తెల్లమ్మ అనేవారు. చెడ్డది కాదు, అది ముందే చెప్పాలి. కింద కూర్చునేది, జొన్నరొట్టెలో పచ్చికారం నంజుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఇంకో ముక్క అడిగేది, కనిపించిన వాళ్లనల్లా "బాగున్నరా" అని పలకరించేది. అంతకుముందు యుద్ధం జరిగిన ఒక దేశంలో ఇలాంటి పనే చేసి వచ్చిందట. భయం పోయిందని తెలిసేది ఒకరు లేచి నేనున్నానని ముందుకు వచ్చినప్పుడే అని ఆమె నమ్మకం. ఎవరు ఉంటారు అధ్యక్షులుగా అని ఆమె అడిగేది, నేను తెలుగులో అడిగేదాన్ని, అందరూ తాత వైపు చూసేవారు, తాత చుట్ట వెలిగించేవాడు.

ఆ ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ రావడం కూడా మానేసింది. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు తీసుకుపోయి బొగ్గు లారీల తోవ మీద బోర్లించి వాటిమీదే కూర్చున్నారు. లారీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. ఇక కంపెనీ వాళ్లు, పోలీసులు, తెల్లమ్మ, అందరూ వచ్చి అడిగేది మళ్లీ అదే, మీ లీడరెవరు? అప్పుడే మా వదినకు ఒక ఉపాయం తట్టింది. బాయి మీద మొగవాళ్లు ఎట్ల చేస్తరో మనమూ గట్లనే చేద్దాం అంది. బాయి సైరన్ కూసినప్పుడు ఒకామె డ్యూటీ ఎక్కాలి, ఊరి తరఫున ఆమే మాట్లాడాలి, మళ్లీ సైరన్ కూస్తే ఆమె దిగిపోవాలి, ఇంకొకామె ఎక్కాలి. ఎవరూ లీడర్ కాదు, అందరూ డ్యూటీ మీద ఉన్నవాళ్లే. మూడో షిఫ్టుకు నిద్రపట్టని ముసలమ్మలను వేశారు, వాళ్లకు అదొక సంబరం.

ఆఫీసర్లకు పిచ్చెక్కింది. పొద్దున ఒకామెతో సగం మాట్లాడి వెళ్లి, సాయంత్రం మిగతా సగం మాట్లాడదామని వస్తే ఆమె బిందె మీద కూర్చుని, "నా డ్యూటీ అయిపాయె సారూ, ఇగ గామెనడుగు" అని చెయ్యి చూపేది. లారీ మెకానిక్ భార్యను అందరం ఖాలా అని పిలిచేవాళ్లం, ఆమె వంతు వస్తే దక్కనీలో దంచి వదిలేది. తెల్లమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, వీళ్లు అసలు నాయకురాలిని దాస్తున్నారు, ఆమె ఎవరో నేను కనిపెడతాను అంది. అసలు అంటూ ఎవరూ లేరమ్మా అని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, రెండో షిఫ్టు సైరన్ ఇంకా కూయకముందు, పోలీసు సర్కిల్ సాబ్ జీపులో, వెనక రెండు వ్యాన్లతో వచ్చాడు. కర్రలు పట్టుకున్న వాళ్లు తోవకు రెండు వైపులా దిగారు. సాబ్ మాత్రం నెమ్మదిగానే మాట్లాడాడు. కంపెనీ పెద్దసారు ఆఫీసులో ఉన్నాడు, చర్చలకు ఒప్పుకున్నాడు, మీలో ఒక్కరు జీపెక్కండి, మిగిలిన వాళ్లు తోవ వదలండి అన్నాడు. డ్యూటీ మీద ఉన్న ఖాలా లేచింది. "డూటీ మేరా హై సాబ్, మేరేకు పూఛో" అంది, డ్యూటీ నాది, నన్నడుగు అని. ఆయన ఆమె వంక చూడనైనా చూడకుండా, మీ లీడరెవరు అని గట్టిగా అడిగాడు.

తెల్లమ్మ మొహం వెలిగిపోయింది. చర్చలంటే ఆమె ఇన్నాళ్లూ ఎదురుచూసిందే కదా. షిఫ్టుల ఉపాయం ఎవరిదో అప్పటికే కనిపెట్టింది కాబోలు, గబగబా ముందుకు వచ్చి, ఎంతో ప్రేమగా, ఎంతో గర్వంగా చెయ్యి చాచి మా వదినను చూపించింది. లీడర్ ఈమే అంది. ఆ మాటకు నా దుబాసీతనం అక్కరలేకపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా కలిసి అన్నేళ్లు కాపాడుకున్నదాన్ని ఆ వేలు ఒక్క క్షణంలో బయటపెట్టేసింది. నిజం చెబుతున్నాను, ఆ వేలు విరిచేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. సర్కిల్ సాబ్ మా వదిన దగ్గరికి నడిచి వచ్చి, "రామ్మా, మాట్లాడి పంపిస్తం" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడేమో, మనసులో ఏ పాపమూ లేకుండానే అన్నాడేమో. కాని ఆ మాట మా ఊళ్లో ఇంతకు ముందు ఎవరు ఎవరితో అన్నారో అక్కడ కూర్చున్న ప్రతి ఆడదానికీ తెలుసు. వదిన పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. ఆమె ఒక్కసారి బడి వైపు చూసింది.

తర్వాత లేచి కొంగు బిగించి, "వస్త సారూ. ఈ షిఫ్టు ఖాలా బదులు నేనే మాట్లాడ్త. కని సైరన్ కూస్తే నా నోరు బంద్. రిలీవర్ లేంది బాయిల ఎవ్వరు డ్యూటీ దిగరు, నీకెర్కలేదా? నా తర్వాత ఎక్కేటామె, నా రిలీవర్, నాతోని రావాలె" అంది. రెండో షిఫ్టు డ్యూటీ ఎక్కాల్సిన కొత్త కోడలు, నలుగురిలో నోరెత్తని పిల్ల, లేచి వచ్చి వదిన పక్కన నిలబడింది. మరి దీని రిలీవర్‌ను నేను కదా అని ఒక ముసలమ్మ లేచింది. రేపు పొద్దటి షిఫ్టు నాది అని ఇంకొకామె. ఖాలా అయితే ఎవరినీ అడగకుండా జీపు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. జీపు నిండిపోయాక చోటు లేనివాళ్లు జీపు ముందు నడవడం మొదలుపెట్టారు. ఊరేగింపులో ముందు నడవని ఊరు ఆ రోజు పోలీసు జీపుకు ముందు నడిచింది. డ్రైవర్ ఎంత హారన్ కొట్టినా ఆడవాళ్లు పక్కకు జరగలేదు, ఆఫీసు దాకా ఆ జీపు వాళ్ల నడకనే నడిచింది.

ఎండలో వాళ్ల వెనక నడుస్తూ తెల్లమ్మ, ఒక్కరినే కదా రమ్మన్నది, ఇంతమంది ఎందుకు పోతున్నారు అని అడిగింది. అప్పుడు చెప్పాను మా అన్న సంగతి. కోపంతోనే చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, నా ఉద్యోగం పోతే పోనీ అనుకుని చెప్పాను. ఆమె తోవలో ఆగిపోయింది. చాలాసేపు తన చేతిని తనే చూసుకుంది. తర్వాత పరుగులాంటి నడకతో పోయి జీపు ముందు నడుస్తున్న వాళ్లలో కలిసింది.

ఆఫీసులో వదిన నీళ్ల గురించి చెబుతూ ఉండగా సైరన్ కూసింది. మాట మధ్యలోనే ఆపి కూర్చుంది. పెద్దసారు, ఒంట్లో బాగాలేదేమో, మంచినీళ్లు ఇవ్వండి అన్నాడు. ఈలోగా కొత్త కోడలు లేచి, ఆగిన దగ్గరి నుంచి అందుకుంది, అదీ ఎంత గడగడా అంటే వాళ్లత్త నోరు తెరుచుకుని చూసింది. పెద్దసారు నవ్వు ఆపుకోలేకపోయాడు. ట్యాంకర్ ఆ రోజే వచ్చింది, పైపుకు ఒప్పుకున్నారు. అందరూ కలిసి నడిచి ఇంటికి వచ్చారు. మా వదిన గడప మీద కూర్చుని అప్పుడు వణకడం మొదలుపెట్టింది, రెండు దుప్పట్లు కప్పినా ఆ వణుకు తగ్గలేదు.

షిఫ్టుకొక అధ్యక్షురాలు ఉండే కమిటీని ఒప్పుకొమ్మని తెల్లమ్మ తన పైవాళ్లతో చాలా కొట్లాడింది. కుదరదన్నారు. ఆమె వెళ్లిపోయింది, ఆమె స్థానంలో వచ్చినాయన ఒక కాంట్రాక్టర్‌ను అధ్యక్షుణ్ని చేసి పని ముగించాడు. తర్వాత ఓపెన్‌కాస్టు పెరిగి ఊరే లేకుండా పోయింది. మా ఇల్లున్న చోట ఇప్పుడు గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్ట ఉంది, దానిమీద తుమ్మచెట్లు మొలిచాయి.

కొత్త కాలనీలో ఇంటింటికీ నల్లా ఉంది. లీడర్లకు కొదవ లేదు, కరెంటు స్తంభానికొక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా మొహాలు, పక్కనున్నవాడి కంటే తన మొహం చిన్నగా వేశారని తగవులు. భయం లేని పిల్లలు, వాళ్లను చూస్తే నాకు సంతోషమే. అయితే అప్పటిలా ఒకరి మాట ఆగిన చోట ఇంకొకరు అందుకోవడం మాత్రం ఇప్పుడు ఎక్కడా కనబడదు. ఈ మధ్యే ఆ పిల్లలు సభ పెట్టి, పాత పోరాటం చేసిన వాళ్లకు శాలువాలు కప్పుతామంటే వదినను నేనే తీసుకెళ్లాను. మైకులో ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, నీళ్ల కోసం ఊరిని నడిపించిన నాయకురాలు అని గట్టిగా పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన లేవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు వాళ్లకెవలు చెప్పిన్రు పిల్లా?" అని చెవిలో అడిగింది.

ఎవరూ చెప్పలేదు వదినా, అందరికీ తెలుసు అన్నాను, ధైర్యం చెబుదామని. "అందరికెర్కేనా?" అంటూ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. శాలువాను నేను వెళ్లి తీసుకొచ్చాను.

ఇంత రాశాను గాని ఆమె పేరు ఎక్కడా రాయలేదు. మరిచిపోయి కాదు.