డెన్సిటీ పాసు, ఇంజను ఫెయిలు

కరోనా మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి దిగిపోయిన వేసవిలో నాకు మెదక్ ప్రాంతం అప్పగించారు. అప్పుడు నేను ఒక ఆయిల్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరును. హోదా వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, పని మాత్రం ఒక వ్యాను, కొన్ని గాజు జాడీలు వెంటేసుకుని ఎండలో బంకుల చుట్టూ తిరగడం. మమ్మల్ని చూడగానే బంకు యజమానులు కూల్‌డ్రింకు తెప్పిస్తారు. అది ఎంత చల్లగా ఉంటే పెట్రోలును అంత అనుమానించాలని మా సీనియర్లు చెప్పేవారు.

మెదక్‌లో ఫిర్యాదు ఇచ్చింది యాదగిరి అనే ఆటో డ్రైవరు. ఊరి చివర, ఎల్దుర్తి వైపు పోయే దారిలో ఉన్న బంకులో పెట్రోలు పోయించుకునేవాడు. అతని ఆటో పిస్టన్‌కు ఆ ఎండాకాలంలోనే రెండోసారి చిల్లు పడింది.

"ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ల గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడైతుంది మేడమ్," అన్నాడు. "మెకానిక్ నా తోలుడే బాగలేదంటుండు. నా పెండ్లి గాకముందు సంది తోల్తున్న. గప్పుడు లేని చప్పుడు గిప్పుడెందుకైతది?"

ఆ చప్పుడును మా భాషలో నాకింగ్ అంటారు. ఇంజనులో స్పార్క్ ప్లగ్గు నిప్పు పెట్టాక, ఆ మంట పాకుతూ వచ్చినప్పుడే పెట్రోలు మండాలి. లోపలి వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక, మంట రాకముందే ఒక మూల దానంతటది భగ్గుమంటే పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టే.

బంకు దామోదర్ పటేల్‌ది. భూములున్న కుటుంబం. ఒక కాలు వ్యాపారంలో, ఒక కాలు రాజకీయాల్లో, రెండు కాళ్లకూ తెల్ల బూట్లు. ఆటో యూనియన్ అధ్యక్షుడు ఆయన మనిషే. ఫిర్యాదు సంగతి తెలియగానే ఆటో స్టాండులో సవారీల కోసం నిలబడే యాదగిరి వరస తీసేశారు. ఫిర్యాదు వాపసు తీసుకుంటే వరస తిరిగి వస్తుందని కబురు కూడా పంపారు.

నేను బంకుకు వెళ్లేసరికి పటేల్, యాదగిరి ఇద్దరూ ఉన్నారు. ముందు ఫిల్టర్ పేపరు మీద పెట్రోలు చుక్క వేశాను. మరక మిగిలితే కల్తీ ఉన్నట్టు. మిగలకుండా ఆరిపోయింది. తర్వాత జాడీలో పెట్రోలు పోసి హైడ్రోమీటరు తేలించి, ఉష్ణోగ్రత చూసి, పట్టిక ప్రకారం సాంద్రత సరిచేశాను. ట్యాంకరు వచ్చిన రోజు నమోదైన సాంద్రతకూ దీనికీ తేడా అనుమతించిన హద్దులోనే ఉంది.

"పాసే గద మేడమ్? యాదగిరి మంచోడే పాపం, ఎవరో ఎగదోసిండ్రు," అన్నాడు పటేల్.

హైదరాబాద్‌లోని మా మేనేజరుకు ఫోన్ చేశాను. రెండూ పాసయ్యాక ఇంకా ఏం వెతుకుతున్నావని అడిగాడు. చప్పుడు వెతుకుతున్నానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానివి ఆయనకు నచ్చవు. చివరికి నిబంధన చదివి వినిపించాడు: రాతపూర్వక ఫిర్యాదు నిలిచి ఉంటే నమూనాలు ల్యాబుకు పంపొచ్చు, ఫిర్యాదుదారు వాపసు తీసుకుంటే ఫైలు మూసేయాలి.

ఫోన్ పెట్టేసరికి యాదగిరి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"వాపస్ తీసుకుంట మేడమ్. స్టాండు లేకుంటే నేను ఏడ నడపాలె?"

అతని బతుకుదెరువు ముందు నా నిబంధనల పుస్తకం చాలా పలచగా కనిపించింది. ఆ సమయంలో పటేల్ నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆయన చదువుకున్నవాడు.

"నేను గూడ బీఎస్సీ కెమిస్ట్రీనే మేడమ్. మాటవరసకు, ఎవడన్నా ఏదన్నా సాల్వెంటు కలిపిండనుకోండ్రి. గదీ ఆల్కేనే, గిదీ ఆల్కేనే. గండ్ల సీ ఎయిట్ హెచ్ ఎయిటీనే, గిండ్ల సీ ఎయిట్ హెచ్ ఎయిటీనే. ఇగ ఫరక్ ఏముంది?"

ఆల్కేన్లంటే కార్బను, హైడ్రోజను తప్ప మరేదీ లేని సాదాసీదా అణువులు. పటేల్ చెప్పిన లెక్క తప్పు కాదు, సగమే నిజం. ఎనిమిది కార్బన్లను వరసగా గొలుసు కడితే నార్మల్ ఆక్టేన్. అదే ఎనిమిదింటిని కొమ్మలు వేసి గుబురుగా కడితే ఐసో ఆక్టేన్. సరుకు ఒకటే, కట్టుడు వేరు. వీటినే ఐసోమర్లంటారు. ఈ ఎనిమిది కార్బన్లతో అలా పద్దెనిమిది రకాలు కట్టొచ్చు. కొమ్మలున్నది ఒత్తిడికి ఓర్చుకుంటుంది, గొలుసు ముందే అంటుకుంటుంది. ఇంధనం ఎంత ఓర్చుకుంటుందో చెప్పే కొలత ఆక్టేన్ నంబరు. ఐసో ఆక్టేన్‌కు ఇచ్చింది వంద. నార్మల్ ఆక్టేన్‌ది సున్నా కంటే కింద.

ఇదంతా చెప్పి, "ఫరక్ లేదంటున్నారు కదా, మీ కారులో ఇదే పోయించండి," అన్నాను. ఆయన కొత్త టర్బో కారు అక్కడే నీడలో ఉంది.

"ట్యాంక్ ఫుల్లున్నది మేడమ్."

అద్దం తుడుస్తున్న ఆయన డ్రైవరు శీను యజమానికి సాయం చేద్దామనుకున్నాడు.

"లేదు పటేలా, ముల్లు కిందికొచ్చింది. మనోహరాబాద్ దాక పోతదో లేదోనని పరేషానైతున్న. మనం కొట్టిచ్చేది ఆడనే గద."

మనోహరాబాద్ దగ్గర హైవే మీద వేరే కంపెనీ బంకు ఉంది. పెట్రోలు పోసే మనిషి పైపు పట్టుకుని అటు తిరిగాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పటేల్ తన బూట్లు చూసుకున్నాడు. యాదగిరి కాసేపు ఆ కారునే చూశాడు.

"నేను వాపస్ తీసుకోను మేడమ్," అన్నాడు. "శాంపిల్ డబ్బాలు ల్యాబుకు పంపుండ్రి."

అల్యూమినియం డబ్బాల్లో నమూనాలు నింపి సీలు వేశాను. ఒక జత ల్యాబుకు, ఒకటి బంకుకు, ఒకటి మా దగ్గర. పటేల్ సంతకం చేశాడు. చాలా అందమైన సంతకం.

ల్యాబులో ఒంటి సిలిండరు ఇంజను ఉంటుంది. నడుస్తుండగానే దాని లోపలి ఒత్తిడి పెంచుతూ, ఇంధనం ఎక్కడ చప్పుడు చేస్తుందో చూస్తారు. వంద నంబరున్న ఐసో ఆక్టేన్, సున్నా నంబరున్న నార్మల్ హెప్టేన్ కలిపిన మిశ్రమాలతో పోల్చి నంబరు ఇస్తారు. మామూలు పెట్రోలుకు తొంభై ఒకటి ఉండాలి. పటేల్ పెట్రోలు దాని దరిదాపుల్లో కూడా లేదు. రంగుల ఫ్యాక్టరీలకు పోయే సాల్వెంటు అందులో కలిసిందని తేలింది. దాని సాంద్రత దాదాపు పెట్రోలుదే, మరక లేకుండా ఆరిపోతుంది కూడా. బీఎస్సీ చదువు వృథా కాలేదు.

కంపెనీ ఆ బంకులో అమ్మకాలు ఆపేసి, తర్వాత డీలర్‌షిప్ రద్దు చేసింది. యూనియన్ వాళ్లు యాదగిరికి వరస తిరిగి ఇచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. పిస్టన్ ఖర్చు మాత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు. నేను రాసిన సిఫారసుకు మా కంపెనీ ఇప్పటికీ జవాబు ఆలోచిస్తూనే ఉంది.

నేను రిటైరయ్యే ముందు యాదగిరి కనిపిస్తే, సీఎన్జీ ఆటో తీసుకున్నానని చెప్పాడు. అందులో ఉండేది ముఖ్యంగా మీథేన్, ఒకే కార్బను. కొమ్మ వేయడానికి రెండోదే లేదు కాబట్టి దానికి ఐసోమర్లు లేవని చెప్పాను.

"గట్లనే ఉండాలె మేడమ్," అన్నాడు.

పరీక్ష తనను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. సాంద్రత బరువు చెబుతుంది గానీ, మండే తీరు చెప్పదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నివేదికలో "పాసు" అని మాత్రమే రాయలేదు. దేంట్లో పాసయిందో, ఏది పరీక్షించలేదో కూడా రాశాను. పేజీలు పెరుగుతున్నాయని మా మేనేజరు విసుక్కునేవాడు. పెరిగాయి.